బండి కట్టే పన్ను, ఇల్లు కట్టే పన్ను

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"నా వయసు 68. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఈపీఎస్ పెన్షన్ నెలకు 3,400 వస్తుంది. 1989లో 30 అంకణాల స్థలం కొన్నాను. చీటీ పాడి, లోను తీసుకొని ఇల్లు కట్టాను. 2009లో పైమిద్దె వేసి బాడుగకిచ్చాను, దాని మీద 5,000 వస్తుంది. ఇంటి పన్ను కొత్త పద్ధతి రాకముందు ఏడాదికి 2,400 ఉండేది. ఇప్పుడు 4,198. జీతం వచ్చినప్పుడు పన్ను కట్టాను, రిజిస్ట్రేషనుకు కట్టాను, సిమెంటు మీద, ఇనుము మీద కట్టాను. అంతా కట్టి సంపాదించుకున్న ఇంట్లో ఉండటానికి ఏటా మళ్ళీ ఎందుకు కట్టాలి? నా ఇంట్లో నేనే బాడుగకు ఉన్నట్టు ఉంది. ఇంటి పన్ను ఎత్తేసి జీఎస్టీ ఒక శాతం పెంచితే అందరూ సమానంగా కడతారు కదా అని మా అల్లుడంటాడు. మా వీధిలోనే ఇంకొకాయనది మూడంతస్తుల ఇల్లు. గదులు గదులుగా చేసి, కొండకొచ్చే వాళ్ళకు రోజు బాడుగకు ఇస్తాడు. ఆయన పన్ను నా కంటే కొంచెమే ఎక్కువ. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పాడు. మనిషి మంచివాడే. నా భార్యకు ఒంట్లో బాగాలేనప్పుడు అర్ధరాత్రి కారు తీశాడు. కానీ ఇదెక్కడి న్యాయం? నాకున్నది ఒక పాత బండి, మూడు రోజులకో లీటరు పెట్రోలు. మనవరాలిని బడికి దింపడం, మార్కెట్టు, గోవిందరాజస్వామి గుడి, అంతే నా తిరుగుడు. ఇలాంటి వాడి దగ్గర కూడా ఇంత వసూలు చేయాలా? కట్టకుండా ఉంటే ఏమవుతుంది?"

అన్నా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. కట్టండి. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ వేస్తారు. అంటే ఏడాదికి 24. మీరు ఇల్లు కట్టడానికి తెచ్చిన లోనుకు కూడా అంత వడ్డీ ఉండి ఉండదు. న్యాయం సంగతి తేలేదాకా కట్టనని కూర్చుంటే నష్టపోయేది మీరే.

ఇక న్యాయం సంగతి. మీ ఉత్తరంలో అన్నింటికంటే ముఖ్యమైన మాట మీరు ఊరికే, జాలి కోసం రాసిన మాట. మూడు రోజులకో లీటరు పెట్రోలు. నేను లెక్కలు రాసి బతికినవాణ్ణి, అంకె కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్. దాని పైన లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. ఇవి రాష్ట్రానివి. వీటికి ముందే కేంద్రం ఎక్సైజు సుంకం ధరలో కలిసిపోయి ఉంటుంది, ఆ సుంకం మీద కూడా వ్యాట్ పడుతుంది. అన్నీ కలిపి ఎంత తగ్గించి వేసుకున్నా లీటరుకు 40 రూపాయల పైనే పన్ను. నెలకు 10 లీటర్లు, ఏడాదికి 120. తక్కువలో తక్కువ 4,800 రూపాయలు. మీ ఇంటి పన్ను 4,198. మీ పాత బండి మీ మిద్దె ఇంటి కంటే ఎక్కువ పన్ను కడుతోంది!

దాని మీద మీరు ఉత్తరం రాయలేదు. ఎందుకంటే దానికి బిల్లు రాదు. బిల్ కలెక్టరు వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలవడు. బంకులో 200కి కొట్టమంటారు, కొడతాడు, వెళ్ళిపోతారు. ఇంటి పన్ను మాత్రం అసెస్‌మెంట్ నంబరుతో, మీ పేరుతో, ఇంత అని కాగితం మీద వస్తుంది. కనబడే పన్ను కాబట్టి దాని మీద కోపం. కనబడనివి ఎంత తీసుకుపోతున్నా మనకు పట్టదు. నన్నడిగితే ఈ కనబడటమే ఇంటి పన్నులో మొదటి మంచి గుణం. కాగితం చేతిలో ఉంది కాబట్టే ఐదేళ్ళ కిందట ఎంత, ఇప్పుడు ఎంత అని మీరు నిలదీయగలిగారు. సబ్బు మీద, తలనూనె మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 18 శాతం నుంచి 5కు దిగింది. అంతకు ముందు నెల మీ ఇంట్లో సబ్బుల మీద ఎంత పన్ను పోయిందో, తర్వాత ఎంత మిగిలిందో చెప్పగలరా? నేనైతే చెప్పలేను.

అల్లుడుగారి మాటకు వస్తాను. అందరూ సమానంగా కడతారు అన్నారు. ఇబ్బంది సరిగ్గా అక్కడే ఉంది. మీ పెన్షను, బాడుగ కలిపి నెలకు 8,400. నెలాఖరుకు ఏం మిగులుతుంది? అంతా ఖర్చే. కాబట్టి మీ రాబడి మొత్తం ఏదో ఒక కొట్టు గల్లా మీదుగా పోతుంది. నెలకు లక్షన్నర తెచ్చుకునేవాడు అందులో సగం దాచుకుంటాడు, దాచిన దాని మీద జీఎస్టీ లేదు. టూత్‌పేస్టు మీద ఇద్దరూ ఒకే రేటు కడతారు, నిజమే. రాబడిలో వంతుగా చూస్తే మీదే ఎక్కువ పోతుంది. బియ్యం 25 కిలోల లోపు ప్యాకెట్టులో లేబుల్ వేసి అమ్మితే 2022 జూలై నుంచి 5 శాతం ఉంది. ఆ ప్యాకెట్టు కొనేది ఎవరు? బస్తాలు బస్తాలుగా వేయించుకునే స్తోమత లేనివాళ్ళే ఎక్కువ. పైగా జీఎస్టీ ఒక శాతం పెంచడం మన కార్పొరేషన్ చేతిలో లేదు, ఒక రాష్ట్రం చేతిలో కూడా లేదు. జీఎస్టీ కౌన్సిల్ కూర్చోవాలి. పెంచినా ఆ డబ్బు ఢిల్లీకి, అమరావతికి పోతుంది. కొర్లగుంటలో కాలువ పూడిక తీయడానికి అక్కడి నుంచి తిరిగి ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో దేవుడికే తెలియాలి.

తలకింత అని వేసి చేతులు కాల్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. బ్రిటన్‌లో ఇళ్ళ విలువను బట్టి వేసే పన్ను ఎత్తేసి, మనిషికింత అని వేశారు. ముందు స్కాట్లండులో, 1990లో ఇంగ్లండులో. కోటలాంటి ఇంట్లో ఉన్న దొరకూ, చిన్న ఇంట్లో ఉన్న వంటమనిషికీ ఒకటే పన్ను. లండన్ వీధుల్లో పెద్ద గొడవలయ్యాయి. 1993కల్లా మళ్ళీ ఇంటి విలువకు ముడిపెట్టిన పన్నుకే వచ్చారు. అంత దూరం ఎందుకు, మన దగ్గర చెత్త పన్ను ఏమైంది? 2021లో మొదలైంది, 2024లో ఎత్తేస్తున్నామన్నారు. ఊడ్చిన కసువుకు కూడా నెల నెలా డబ్బులా అని ఆడవాళ్ళు వాకిట్లోనే తగువు పెట్టుకున్నారు. ఇంటి పన్ను మీద అంత తగువు నేను చూడలేదు.

ఆదాయ పన్ను సంగతి. పుస్తకాల్లో చూస్తే అన్నింటికంటే న్యాయమైంది అదే. సంపాదించినవాడు కడతాడు, లేనివాడు కట్టడు. నిజ జీవితంలో అది పట్టుకునేది జీతం స్లిప్పు ఉన్నవాణ్ణి. ఇప్పుడు కొత్త పద్ధతిలో ఏడాదికి 12 లక్షల దాకా పన్నే లేదు. వ్యవసాయ ఆదాయానికీ లేదు. మీ వీధిలో ఆ మూడంతస్తులాయన గది బాడుగ నోట్లలో తీసుకుంటే అది ఏ లెక్కలోకి ఎక్కుతుందో ఆయనకే తెలియాలి. ఆయన జీఎస్టీ కడతాడా? ఏడాది వ్యాపారం 20 లక్షల లోపు అయితే రిజిస్ట్రేషనే అక్కర్లేదు.

అంటే ఆయన్ను పట్టుకోగల పన్ను ఒకటే మిగిలింది. ఆ ఇల్లు. నోట్ల కట్టను బీరువాలో పెట్టవచ్చు. మూడంతస్తుల మిద్దెను ఎక్కడ పెడతాడు? చిత్తూరులో కారున్నవాళ్ళు వేలూరు వైపు పనిబడితే తమిళనాడులో ట్యాంకు నింపుకొని వస్తారు. పలమనేరు వాళ్ళు ముళబాగిలు పోయి కర్ణాటకలో కొట్టించుకొస్తారు. ఇక్కడి కంటే చౌక మరి. ఇల్లు ఎత్తుకొని కాట్పాడి పోలేం కదా.

మీ అసలు ప్రశ్నను మాత్రం తప్పించుకోను. కట్టిందే మళ్ళీ కట్టాలా అన్నారు. ఒక రూపాయి మీద ఒక్కసారే పన్ను పడాలంటే లోకంలో ఏ పన్నూ నిలబడదు. మీ జీతం మీద పడింది, ఆ జీతంతో కొన్న ఇనుము మీద పడింది, ఇనుము అమ్మినవాడి లాభం మీద పడింది. డబ్బు చేతులు మారినప్పుడల్లా జరిగేదే ఇది. దీన్నలా పక్కన పెట్టి ఇంకోటి చూద్దాం. 1989లో అంకణం ఎంతకు కొన్నారు? ఇప్పుడు మీ వీధిలో అంకణం ఎంత చెప్తున్నారు? (బయటి ఊరి పాఠకుల కోసం: మా తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరుది దీనికి రెట్టింపు. సంబంధాలు కుదుర్చుకునేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి!) మీ 30 అంకణాలంటే 120 గజాలు. అదే సంవత్సరం, అదే డబ్బుతో, మీ తోటి కండక్టరు ఎవరో పుంగనూరు అవతల పల్లెలో జాగా కొని ఉంటారు. ఇద్దరూ ఒకేలాగా కష్టపడ్డారు. మీది ఎన్ని రెట్లయింది, ఆయనది ఎన్ని రెట్లయింది? ఆ తేడా మీ చెమట వల్ల వచ్చింది కాదు. కొండకు రోజూ వచ్చే జనం వల్ల, యూనివర్సిటీల వల్ల, ఆసుపత్రుల వల్ల, రోడ్ల వల్ల, 2023లో పూర్తయిన శ్రీనివాస సేతు వల్ల వచ్చింది. ఆ వంతెనకు టీటీడీ వాటా పెట్టింది, స్మార్ట్ సిటీ డబ్బు పడింది. అందరి డబ్బుతో పెరిగిన విలువలో ఏడాదికి కొంచెం ఊరికి తిరిగి ఇమ్మంటే అది బాడుగ కాదన్నా.

ఎంత కొంచెం? మీ ఇంటి విలువ రిజిస్ట్రేషన్ లెక్కల్లో 30 లక్షలని ఊరికే అనుకుందాం. 4,198 అంటే అందులో 0.14 శాతం. నివాస గృహాలకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య వేయవచ్చని 2020 నిబంధనల్లో ఉంది. నివాసం కానివాటికి 0.20 నుంచి 2 శాతం. ఈ రెండో అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావాలి. ఇప్పుడు ఆ 30 లక్షల ఇల్లు ఎవరైనా కొనుక్కుంటే స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 2,25,000 ఒక్కసారే కట్టాలి. మీ లెక్కన 53 ఏళ్ళ ఇంటి పన్ను ఒక్క పూటలో! కొత్తగా పెళ్ళయి, అప్పు చేసి చిన్న ఇల్లు కొనుక్కునే పిల్లల మీద ఇది పడుతుంది. తాతల నాటి పది ఇళ్ళు అమ్మకుండా పట్టుకు కూర్చున్నవాడి మీద పైసా పడదు. నాకు అన్యాయంగా కనబడేది ఇది. దీని వల్లే కాగితం మీద ఒక ధర, చేతిలో ఒక ధర అనే అలవాటు కూడా వచ్చింది.

ఇంకో మాట. ఈ దేశంలో ఆస్తి ఉన్నందుకు ఏటా పడే పన్ను ఇప్పుడు దాదాపు ఇంటి పన్ను ఒక్కటే. చనిపోయినవాళ్ళ ఆస్తి మీద వేసే సుంకం 1985లో పోయింది. సంపద పన్ను 2015లో ఎత్తేశారు. 30 లక్షల బంగారం లాకర్లో పెట్టుకున్నవాడు ఏటా కట్టేది సున్నా. 30 లక్షల షేర్లున్నవాడు అమ్మేదాకా సున్నా. మీకు కోపం రావలసింది ఇక్కడ కూడా. ఆస్తుల్లో ఇల్లే కంటికి కనబడుతుంది, మధ్యతరగతివాడి ఆస్తి అంతా ఇంట్లోనే ఉంటుంది. పెద్దవాళ్ళ ఆస్తి కనబడని రూపాల్లో ఉంటుంది. ఇంటి పన్ను మంచిదే, దానికి తోడు లేకుండా పోయింది.

ఇప్పుడు మీ తరఫున మాట్లాడతాను. మీ 4,198, పెన్షను ఒక్కటే చూస్తే ఏడాది పెన్షనులో పదో వంతు. బాడుగ కలుపుకుంటే నూటికి నాలుగు. ఏడాదికి 12 లక్షల జీతగాడి ఆదాయ పన్ను సున్నా అయిన చోట ఇది బరువే. ఇంటి విలువ పెరిగిందంటారు, నిజమే, కానీ పెరిగిన విలువను కోసుకొని వండుకోలేం. అమ్మితే గదా చేతికొచ్చేది. ఇంటి మీద అప్పు ఎంతున్నా పన్ను లెక్కలో తీసేయరు. 20 లక్షల లోను నెత్తిన ఉన్నవాడికీ, అప్పు లేనివాడికీ ఒకటే బిల్లు. ఈ పన్నుకు ఇంటి గోడలు కనబడతాయి గానీ లోపలి మనిషి కనబడడు. అది దీని పెద్ద లోపం.

ఇక మీ పన్ను 2,400 నుంచి 4,198కి ఎలా పెరిగిందన్న సంగతి. 2020లో కేంద్రం రాష్ట్రాలకు అదనంగా అప్పు తెచ్చుకోవడానికి వీలిచ్చింది. అందులో కొంత భాగానికి షరతు పెట్టింది, ఇంటి పన్నును రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టాలని. మన రాష్ట్రం ఆ సంవత్సరం చట్టం మార్చింది. అప్పటిదాకా ఆ ఇంటికి ఏడాదికి ఎంత బాడుగ వస్తుందన్న అంచనా మీద పన్ను. 2021 ఏప్రిల్ నుంచి ఇంటి విలువ మీద. ఒకేసారి మోత పడకుండా, పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. వినడానికి దయగా ఉంటుంది. 2,400ను నాలుగుసార్లు 15 శాతం పెంచి చూడండి. సరిగ్గా మీ 4,198 వస్తుంది. ఐదోసారి పెంచితే రెట్టింపు దాటుతుంది. మీ ఈపీఎస్ పెన్షనుకు కరువు భత్యం లేదు, అది అక్కడే ఉంటుంది. హద్దు అనేది ఇంటికి పెట్టారు, మనిషి రాబడికి పెట్టలేదు.

దీనికి మందు లేకపోలేదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రముంది. అక్కడ 55 ఏళ్ళు దాటిన ఇంటి యజమాని కావాలంటే పన్నును వాయిదా వేసుకోవచ్చు. వడ్డీతో అది ఇంటి మీద బాకీగా రాసుకుంటారు. ఇల్లు అమ్మినప్పుడో, వారసులకు పోయినప్పుడో తీరుస్తారు. మనకు ఇలాంటిది కావాలని మీ కార్పొరేటరును అడగండి. మాఫీ అడగొద్దు, వాయిదా అడగండి. మాఫీల సంగతి చూస్తూనే ఉన్నాం. 2025 మార్చిలో బకాయిదారులకు వడ్డీలో సగం మాఫీ అన్నారు. ఏళ్ళ తరబడి కట్టనివాడికి సగం వడ్డీ లాభం. ఏప్రిల్‌లోనే పరుగెత్తి కట్టే మీలాంటివాడికి 5 శాతం రాయితీ. ఇది చూశాక ఎవరికైనా ఒళ్ళు మండుతుంది, నాకూ మండింది.

పెంచకుండా ఆపేయమని కూడా అడగొద్దు. కాలిఫోర్నియాలో 1978లో ఓటు వేసి ఆపేశారు. ఇంటి లెక్క విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదని. ఇప్పుడు అక్కడ పక్కపక్కన ఒకే రకం ఇళ్ళు, ముందు కొన్నవాడికి కొంచెం, నిన్న కొన్నవాడికి బోలెడు. మన దగ్గరా పాత పద్ధతిలో ఏళ్ళ తరబడి సవరణ లేక, పాత ఇంటికీ కొత్త ఇంటికీ ఇలాంటి తేడాలే ఉండేవి.

మీ వీధి పెద్దమనిషి దగ్గరికి వచ్చాను. మీకు జరిగిన అసలు అన్యాయం ఇదేనని నా అభిప్రాయం. ఆయన ఇల్లు రోజు బాడుగ గదులు. అది వ్యాపారం. రికార్డులో నివాసం అని ఉంటే 0.10 నుంచి 0.50 లోపల ఎక్కడో ఉంటుంది. ఇందాక గుర్తుంచుకోమన్నాను చూడండి, వ్యాపారానికైతే 2 శాతం దాకా పోవచ్చు. తిరుపతిలో ఇలాంటి ఇళ్ళు ఒకటా రెండా? ఆ తేడా అంతా ఎవరు మోస్తున్నారు? కార్పొరేషన్‌కు కావలసిన డబ్బు కావాలి, దాచినవాడి వాటా దాచనివాడి మీద పడుతుంది. 2016-17 ఆర్థిక సర్వేలో ఉపగ్రహ చిత్రాలు పెట్టి బెంగళూరు, జైపూర్ ఇళ్ళ పన్ను లెక్క వేశారు. రాగల దాంట్లో 5 నుంచి 20 శాతం మించి రావడం లేదని తేలింది. రేటు పెంచడం కంటే రికార్డు సరిచేయడంలో ఎంత డబ్బుందో చూడండి.

అయితే ఫిర్యాదు రాయడానికి ముందు ఒక్క పని చేయండి. మీ బిల్లు తీసి, అందులో మీ ఇంటి వైశాల్యం ఎంత వేశారో చూడండి. పైమిద్దె 2009లో వేశారు కదా. అది అందులో ఉందా? బాడుగకిచ్చినట్టు ఉందా, మీరే ఉంటున్నట్టు ఉందా? ఉత్తరంలో ఈ మాట రాయలేదు, అందుకే అడుగుతున్నాను. అడిగే అర్హత నాకు కొంచెం తక్కువే. చాలా ఏళ్ళ కిందట నేను వేరే ఊళ్ళో ఉన్నప్పుడు మిద్దె మీద రెండు గదులు వేశాను. ఆరేళ్ళ పాటు ఆఫీసుకు చెప్పలేదు. వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు. ఆ ఊళ్ళోనే రోడ్డు గుంతల మీద పత్రికకు లేఖలు కూడా రాశాను! ఒకరోజు కొలతకు వచ్చారు. కొలిచినవాళ్ళు ఆ రెండు గదులతో ఆగలేదు. లేని వరండా ఒకటి కూడా కలిపేశారు. దాన్ని తీయించడానికి పద్నాలుగుసార్లు తిరిగాను. తప్పు నాది ఉంది కాబట్టి గట్టిగా మాట్లాడటానికి నోరు రాలేదు. ఆ పద్నాలుగు తిరుగుళ్ళలో నాకు బాగా తెలిసొచ్చింది అదే, మన కాగితం శుభ్రంగా ఉంటే గొంతు వేరేగా ఉంటుంది.

పైమిద్దె ప్లాను లేకుండా వేసి ఉంటే పన్నుతో పాటు జరిమానా కూడా పడవచ్చు. దానికి సిద్ధపడే వెళ్ళాలి. పన్ను వేసినంత మాత్రాన ఆ కట్టడం సక్రమమైపోదని కూడా తెలుసుకోండి. అన్నీ సరిగ్గా ఉండి, వైశాల్యం గానీ, ఇంటి వయసు గానీ, పైకప్పు రకం గానీ తప్పు పడితే రివిజన్ పిటిషన్ పెట్టండి. గడువు నోటీసు మీదే రాసి ఉంటుంది, ఆ తేదీ దాటనివ్వొద్దు. మీ వార్డు సచివాలయంలో అడ్మిన్ సెక్రటరీని అడిగితే లెక్క ఎలా వేశారో తీసి చూపిస్తారు. గజం విలువ ఎంత, కట్టడం విలువ ఎంత, పాతబడినందుకు ఎంత తీశారు అని మూడు ముక్కలుగా అడగండి. సంవత్సరం మొత్తం ఏప్రిల్ 30 లోపు కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది. మీకు 210 రూపాయలు. గంగ జాతర ఖర్చులు మీద పడకముందే కట్టేయండి. మీకంటే చిన్న ఇల్లున్న బంధువులెవరైనా ఉంటే ఇదీ చెప్పండి. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో సొంతదారే ఉంటుంటే ఏడాదికి 50 రూపాయలే.

ఆయన పేరు పెట్టి ఫిర్యాదు చేయమని మాత్రం నేను చెప్పను. అర్ధరాత్రి కారు తీసిన మనిషి. వీధి మొత్తం మళ్ళీ కొలవమని, ఏ ఇల్లు ఎలా వాడుతున్నారో రాసుకోమని నలుగురూ సంతకాలు పెట్టి ఇవ్వండి. అందులో మీ ఇల్లు కూడా ఉంటుంది కాబట్టి ఎవరూ మీ మీద వేలెత్తరు. దానికి ముందు ఒకసారి ఆయన ఇంటికి వెళ్ళి, ఇలా అర్జీ పెడుతున్నామని మీరే చెప్పండి. వెనక నుంచి తెలిస్తే బాగుండదు. వెళ్ళేటప్పుడు మీ బిల్లు జేబులో పెట్టుకెళ్ళి ముందు మీదే చూపించండి. ఆయన లోపలికి పోయి తనది తెచ్చి చూపించారో, కాఫీ ఇచ్చి మాట మార్చారో నాకు రాయండి.